రెండో చేతికి కట్టే వెల

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో చేతికొక ఆయుధం పట్టి పోరాడే పాత్రకు నియమాలు ఏమి ఇస్తున్నాయి, ఏమి ఇవ్వడం లేదు అన్నదే ఆ విషయం. కొందరు 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకం ముందు పెట్టుకుని అడిగారు, కొందరు 2024లో సవరించి వెలువరించిన పుస్తకం చూసి అడిగారు. రెండింటిలోనూ నియమం మాటలు వేరు కనుక ఏ జవాబు ఏ పుస్తకానికి వర్తిస్తుందో ఎక్కడికక్కడ చెబుతున్నాను.

ప్రశ్న: మేము 2014 నియమాలతో ఆడుతున్నాం. నాది మొదటి లెవెల్ ఫైటర్ (యోధుడి పాత్ర), రెండు చేతుల్లోనూ షార్ట్‌సోర్డులే (పొట్టి కత్తులే). మొదటి దాడి తప్పిపోతే రెండోది చేసే హక్కు లేదని ఆట నడిపే మా డంజన్ మాస్టర్ అంటున్నారు. పైగా రెండో దాడి డ్యామేజ్‌లో (శత్రువుకు కలిగే నష్టంలో) డెక్స్‌టెరిటీ (చురుకుదనపు అంకె) కలపనివ్వడం లేదు. ఈ రెండూ సరైనవేనా? అలాగైతే రెండు కత్తులు పట్టి లాభమేమిటి?

జవాబు: మీ మాస్టర్ చెప్పినవాటిలో మొదటిది సరికాదు, రెండోది సరైనదే. నియమం చెప్పేది ఇది: మీ వంతులో మీరు అటాక్ యాక్షన్ (దాడికి వాడే ప్రధాన చర్య) తీసుకుని, ఒక చేత పట్టిన లైట్ మెలీ ఆయుధంతో (దగ్గరి నుంచి పోరాడే తేలికపాటి ఆయుధంతో) దాడి చేసినప్పుడు, రెండో చేత పట్టిన వేరొక లైట్ మెలీ ఆయుధంతో బోనస్ యాక్షన్ (వంతుకు ఒక్కటే దొరికే చిన్న అదనపు చర్య) ఖర్చు పెట్టి మరో దాడి చేయవచ్చు, ఆ దాడి డ్యామేజ్‌కు సామర్థ్యపు మాడిఫయర్ (డెక్స్‌టెరిటీ, బలం వంటివాటి నుంచి వచ్చే అంకె) కలపకూడదు, అది మైనస్ అయితే మాత్రం కలపాలి. ఇందులో ‘దాడి చేసినప్పుడు’ అని ఉందే గాని ‘దెబ్బ తగిలినప్పుడు’ అని లేదు. కనుక మొదటి కత్తి గాలిని కోసినా రెండో కత్తికి అవకాశం ఉంటుంది. ఇద్దరు శత్రువులు అందుబాటులో ఉంటే మొదటి దాడి ఒకరి మీద, రెండోది ఇంకొకరి మీద చేయవచ్చు. మధ్యలో మిగిలిన నడకను వాడుకుని పక్కకు జరగడానికి కూడా అడ్డు లేదు. ఇంకొక సంగతి: మాడిఫయర్‌ను తీసేయవలసింది డ్యామేజ్ పాచికకు మాత్రమే. దాడి తగిలిందా లేదా అని వేసే ఇరవై ముఖాల పాచికకు మీ డెక్స్‌టెరిటీ, ప్రొఫిషియెన్సీ (ఆయుధ నైపుణ్యపు అంకె) రెండూ యథావిధిగా కలుస్తాయి. ఈ రెండింటినీ కలిపేసి రెండో దాడిని ఉత్త పాచికతో వేయించే మాస్టర్లను నేను చూశాను.

ఇక లాభం మాట. డెక్స్‌టెరిటీ ప్లస్ 3 ఉన్న మీ ఫైటర్ దాడి పాచికకు 5 కలుస్తుంది. ఏసీ (దెబ్బ తగలాలంటే దాడి మొత్తం చేరవలసిన అంకె) 15 ఉన్న గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి మీదకు వెళితే 10 గాని అంతకు మించి గాని పడాలి, అంటే ఇరవైలో పదకొండు వంతుల అవకాశం. మొదటి కత్తి తగిలితే సగటు డ్యామేజ్ ఆరున్నర, రెండోది తగిలితే మూడున్నర. రెండూ కలిపి 10. అదే బలం ప్లస్ 3 ఉన్న మరో ఫైటర్ రెండు చేతులతో పట్టే గ్రేట్‌సోర్డ్‌తో ఒక్క దెబ్బ కొడితే సగటు ఏడుకు మూడు కలిసి అదీ 10. క్రిటికల్ హిట్లను (పాచిక మీద 20 పడి డ్యామేజ్ పాచికలు రెట్టింపయ్యే దెబ్బలను) లెక్కలోకి తీసుకున్నా రెండు వైపులా సమానంగానే పెరుగుతుంది. మాడిఫయర్‌ను ఎందుకు ఆపారో ఇక్కడ అర్థమవుతుంది: రెండో దాడికీ కలిపి ఉంటే ఏ శిక్షణా లేకుండానే మీ మొత్తం 13కు చేరి, గ్రేట్‌సోర్డ్ పట్టినవాడు మొదటి రోజే వెనకబడిపోయేవాడు. ఆ మాడిఫయర్‌ను వదులుకోవడం, దాంతోపాటు బోనస్ యాక్షన్‌ను ఖర్చు పెట్టడం, ఇవే మీరు రెండో చేతికి కట్టే వెల. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నింటినీ నేను ఈ వెల దగ్గరి నుంచే చూస్తున్నాను.

సగటు ఒకటే అయినంత మాత్రాన ఆట ఒకటే కాదు. ఆ గోబ్లిన్‌కు ఉన్నవి 7 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). గ్రేట్‌సోర్డ్ తగిలిందంటే ముప్పై ఆరింట ముప్పై మూడు సార్లు గోబ్లిన్ పని అయిపోతుంది, అయితే గురి తప్పితే ఆ వంతంతా వృథా. మీ మొదటి కత్తి తగిలితే సగం సార్లే ఒక్క దెబ్బతో పడిపోతుంది. మీ రెండో కత్తి ఒంటరిగా తగిలితే, క్రిటికల్ అయితే తప్ప, దెబ్బ తినని గోబ్లిన్‌ను చంపడం సాధ్యం కాదు; ఎందుకంటే ఆరు ముఖాల పాచిక మీద ఏడు పడదు. దానికి బదులు మీకు దక్కేది, వంతు పూర్తిగా వృథా అయ్యే అవకాశం తగ్గడం, గాయపడిన శత్రువును ముగించి ఇంకొకడి మీదకు తిరగగలగడం. నాకైతే ఈ రెండో రకం పోరాటమే ఇష్టం. అది పాత్రను ప్రతి వంతులోనూ ఆలోచింపజేస్తుంది.

మీరు ఫైటర్ కనుక టూ వెపన్ ఫైటింగ్ అనే ఫైటింగ్ స్టైల్ ఎంచుకుంటే రెండో దాడికీ మాడిఫయర్ కలుస్తుంది, మొత్తం 13 అవుతుంది. కానీ ఐదో లెవెల్లో పరిస్థితి మారుతుందని ముందే తెలుసుకోండి. అక్కడ ఫైటర్‌కు ఎక్స్‌ట్రా అటాక్ వచ్చి అటాక్ యాక్షన్‌లో రెండు దాడులు అవుతాయి. రెండో చేతి దాడి మాత్రం ఒక్కటిగానే ఉండిపోతుంది. మాడిఫయర్ 4 అనుకుంటే గ్రేట్‌సోర్డ్ రెండు దెబ్బలకు 22, మీ మూడు దెబ్బలకు స్టైల్‌తో కలిపి ఇరవై రెండున్నర. గ్రేట్‌సోర్డ్ పట్టినవాడు కూడా తన స్టైల్ తీసుకుని ఉంటే మిమ్మల్ని దాటిపోతాడు. ప్రతి దెబ్బకూ విడిగా ఏదో ఒకటి తెచ్చిపెట్టే మార్గాలు ఉంటేనే రెండు కత్తులు పైలెవెల్స్‌లో నిలబడతాయి. రేజ్‌లో (ఆవేశంలో) ఉన్న బార్బేరియన్ పాత్ర బలంతో కొట్టే మెలీ దెబ్బలకు వచ్చే అదనపు డ్యామేజ్, హంటర్స్ మార్క్ మంత్రంతో వచ్చే ఆరు ముఖాల పాచిక అటువంటివి. అవి సామర్థ్యపు మాడిఫయర్ కావు కనుక రెండో దాడికీ నిక్షేపంగా కలుస్తాయి. అయితే హంటర్స్ మార్క్ వేయడానికీ బోనస్ యాక్షనే కావాలి, కాబట్టి మంత్రం వేసిన వంతులో రెండో కత్తి ఊరుకోవలసిందే.

ప్రశ్న: ఒక చేత లాంగ్‌సోర్డ్, మరో చేత షార్ట్‌సోర్డ్ పట్టవచ్చా? శత్రువు నా పక్క నుంచి పారిపోతున్నప్పుడు ఆపర్చునిటీ అటాక్‌లో రెండూ వాడవచ్చా?

జవాబు: పట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు, ఆ రెంటితో అదనపు దాడి చేయడమే కుదరదు. లాంగ్‌సోర్డ్ లైట్ ఆయుధం కాదు. 2014లో డ్యుయల్ వీల్డర్ అనే ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే లైట్ అన్న షరతు రెండు ఆయుధాలకూ తొలగిపోయేది, ఏసీకి 1 కూడా కలిసేది. 2024లో అదే ఫీట్ మాటలు మారాయి: మొదటి దాడి లైట్ ఆయుధంతోనే చేయాలి, అదనపు దాడి మాత్రం టూ హ్యాండెడ్ (రెండు చేతులూ కావలసినది) కాని ఏ మెలీ ఆయుధంతోనైనా చేయవచ్చు. అంటే ముందు షార్ట్‌సోర్డ్, తరవాత లాంగ్‌సోర్డ్. ఏసీకి కలిసే ఆ 1 ఇప్పుడు లేదు.

ఆపర్చునిటీ అటాక్ రియాక్షన్‌తో (ఇతరుల చర్యకు బదులుగా చేసే చర్యతో) చేసేది, అటాక్ యాక్షన్‌తో చేసేది కాదు. కనుక ఒక్క దాడే.

ప్రశ్న: మా బృందంలో రోగ్ (దొంగచాటుగా పోరాడే) పాత్ర ఆడే స్నేహితురాలు రెండు పాచికలూ ఒకేసారి వేస్తుంది, ఎరుపు కుడిచేతికి, నలుపు ఎడమచేతికి. సమయం ఆదా అవుతుందని అందరం ఒప్పుకున్నాం. ఇందులో నియమానికి విరుద్ధమైనది ఏమైనా ఉందా?

జవాబు: ఆమెకు నష్టం చేసేది ఉంది. రోగ్‌కు రెండో లెవెల్ నుంచి కన్నింగ్ యాక్షన్ ఉంటుంది: బోనస్ యాక్షన్‌తో డ్యాష్ (అదనపు పరుగు) చేయవచ్చు, డిసెంగేజ్ (ఆపర్చునిటీ అటాక్‌కు చిక్కకుండా తప్పుకోవడం) చేయవచ్చు, దాక్కోవచ్చు. రెండో కత్తికీ అదే బోనస్ యాక్షన్ కావాలి, వంతుకు ఉండేది ఒక్కటే. మొదటి కత్తి తగిలి స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టిన దెబ్బకు రోగ్‌కు వచ్చే అదనపు డ్యామేజ్) పాచికలు పడిపోయాయంటే, స్నీక్ అటాక్ వంతుకు ఒకసారే కనుక రెండో దాడికి మిగిలేది ఒక చిన్న పాచిక మాత్రమే. అప్పుడు తెలివైన రోగ్ రెండో కత్తి జోలికి పోకుండా డిసెంగేజ్ చేసి దూరంగా జరుగుతుంది. మొదటిది తప్పితే, స్నీక్ అటాక్‌ను దక్కించుకోవడానికి రెండో కత్తి వాడుతుంది. తగిలే అవకాశం యాభై ఐదు శాతం అనుకుంటే, రెండు ప్రయత్నాల్లో ఒక్కటైనా తగిలే అవకాశం దాదాపు ఎనభై శాతం. రోగ్‌కు రెండో కత్తి విలువంతా ఈ ఎంపికలోనే ఉంది. రెండు పాచికలూ కలిపి దొర్లించారంటే ఆ ఎంపికను ఆమె చేతిలోంచి లాగేసుకున్నట్లే. ఒకటి వేయండి, ఫలితం చూడండి, ఆ తరవాత ఆమెను అడగండి.

ఈ విషయంలో నేను మాస్టర్‌గా ఒకసారి గట్టి పొరపాటు చేశాను. ఇరుకు గుమ్మంలో ఇద్దరు కాపలాదారుల మధ్య చిక్కిన రోగ్, షార్ట్‌సోర్డ్‌తో కొట్టి తప్పి, బాకుతో కొట్టి తగిలించి, వెంటనే ‘డిసెంగేజ్ చేసి వెనక్కి వెళ్తున్నాను’ అన్నాడు. పోరాటం రసపట్టులో ఉంది, నేను తలూపాను. అది రెండు బోనస్ యాక్షన్ల పని. అప్పటి నుంచి అతను ప్రతి పోరాటంలోనూ అలాగే చేస్తూ వచ్చాడు. కొన్ని వారాల తరవాత క్లెరిక్ (పూజారి) పాత్ర ఆడుతున్నావిడ, బోనస్ యాక్షన్‌తో వేసే మంత్రాన్ని, బోనస్ యాక్షన్‌తో చేసే దాడిని ఒకే వంతులో అడిగినప్పుడు నేను కాదన్నాను. ‘అతనికి అయితే సరే, నాకైతే కాదా?’ అని ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఆట ఆపి, తప్పు నాదని ఒప్పుకుని, అందరి ముందూ నియమం చదివి సరిదిద్దాను. రోగ్ ఆడే అతను బాధపడ్డాడు, అది న్యాయమే. అలవాటైన హక్కును తీసేసుకోవడం మొదట్లోనే ఇవ్వకపోవడం కంటే చాలా కష్టం.

ప్రశ్న: నేను మూడో ఎడిషన్ రోజుల నుంచి ఆడుతున్నాను. రెండు ఆయుధాలకు ఉండే మైనస్‌లన్నీ ఏమైపోయాయి? కొత్త నియమాలు మరీ ఉదారంగా ఉన్నాయని నా అభిప్రాయం.

జవాబు: మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే, మైనస్‌లు పోలేదనీ, వాటి స్థానంలో వేరే వెల వచ్చిందనీ చెబుతాను. 1979లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ఎడిషన్ మాస్టర్ల పుస్తకం రెండో చేతికి బాకునో చేతిగొడ్డలినో మాత్రమే అనుమతించి, మొదటి చేతికి 2, రెండో చేతికి 4 తగ్గించింది. డెక్స్‌టెరిటీని బట్టి అది మారేది. 1989 నాటి రెండో ఎడిషన్‌లో తేలికపాటి కవచం వేసుకున్న రేంజర్‌కు (అడవుల్లో తిరిగే యోధుడి పాత్రకు) ఆ తగ్గింపు లేకుండా చేశారు. రేంజర్ అనగానే రెండు కత్తులు గుర్తుకు రావడానికి ఆ నియమం పెద్ద కారణం.

మీరు ఎరిగిన 2000 నాటి మూడో ఎడిషన్‌లో ఏ శిక్షణా లేనివాడికి మొదటి చేతికి 6, రెండో చేతికి 10 తగ్గేవి. ఆ ఎడిషన్‌లో నన్ను బాగా ఆకట్టుకున్న వివరం ఒకటుంది. ఆంబిడెక్స్‌టెరిటీ ఒక ఫీట్, టూ వెపన్ ఫైటింగ్ ఇంకొక ఫీట్. మొదటిది రెండో చేతి తగ్గింపులో 4 మాఫీ చేసేది, రెండోది చెరొక చేతికి 2 చొప్పున మాఫీ చేసేది. రెండూ ఉండి, రెండో చేత లైట్ ఆయుధం ఉంటే రెండు వైపులా 2 మాత్రమే మిగిలేది. మన సవ్యసాచి అన్న మాట దగ్గరా ఇదే తేడా కనిపిస్తుంది. అర్జునుడు కుడి ఎడమల ఏ చేతితోనైనా గాండీవాన్ని లాగగలడు కనుక ఆ పేరు వచ్చింది గాని, రెండు విల్లులు ఒకేసారి పట్టినందుకు కాదు. ఎడమచేయి కుడిచేయంత నేర్పరి కావడం ఒక విద్య, రెండు చేతులనూ ఒకే క్షణంలో వేర్వేరు పనులకు పంపడం మరో విద్య. 2003 సవరణ ఆ రెండింటినీ ఒకే ఫీట్‌గా కలిపేసింది. ఆడటానికి అది సుళువైనా, ఆ తేడా చెరిగిపోయినందుకు నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది.

అప్పట్లో ఇంకో వెల కూడా ఉండేది, దాన్ని చాలామంది మరిచిపోతారు: రెండో చేతి దాడికి ఫుల్ అటాక్ తీసుకోవాలి, అంటే ఆ వంతులో అయిదడుగుల జరుగుడు మినహా కదలిక ఉండదు. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లో రెండు ఆయుధాలు పట్టినంత మాత్రాన అదనపు దాడే లేదు, దానికి తగిన పవర్లు (పాత్ర ఎంచుకునే ప్రత్యేక దాడులు) తీసుకోవాలి. 2014లో గురి తగ్గింపులు పోయాయి, కాళ్లకు స్వేచ్ఛ వచ్చింది. ఆ వెల బోనస్ యాక్షన్ లోకి, డ్యామేజ్ లోకి మారింది. వంతుకు ఒక్కటే ఉండే బోనస్ యాక్షన్‌ను ఇవ్వడం మైనస్ 2 కంటే తక్కువ ధర అని నేను అనుకోను. మైనస్ 2 ఉన్నా ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. ఖర్చయిన బోనస్ యాక్షన్ ఆ వంతులో తిరిగి రాదు.

ప్రశ్న: 2024 పుస్తకంలోని నిక్ మాస్టరీ (కొన్ని ఆయుధాలకు ఉండే ప్రత్యేక గుణం) చదివాక మా బృందం రెండుగా చీలింది. షార్ట్‌సోర్డ్‌తో ఒకటి, సిమిటర్ (వంకర కత్తి) నిక్ వల్ల ఒకటి, మళ్లీ బోనస్ యాక్షన్‌తో ఒకటి, మొత్తం మూడు దాడులని కొందరు; రెండేనని కొందరు. పాత్ర మొదటి లెవెల్ ఫైటర్.

జవాబు: రెండే. నిక్ కొత్త దాడిని సృష్టించదు. లైట్ గుణం ఇచ్చే ఒకే ఒక్క అదనపు దాడిని బోనస్ యాక్షన్ నుంచి తీసి అటాక్ యాక్షన్‌లోకి చేరుస్తుంది. ఆ దాడి వంతుకు ఒకసారే అన్న వాక్యం నిక్ వివరణ చివరలోనే ఉంది. చాలా తగాదాలు ఆ చివరి వాక్యం దాకా చదవకపోవడం వల్లనే వస్తాయి. మీకు మిగిలేది ఖాళీ బోనస్ యాక్షన్. ఫైటర్ దాన్ని సెకండ్ విండ్‌కు (కొన్ని హిట్ పాయింట్లు తిరిగి తెచ్చుకోవడానికి) వాడుకోవచ్చు, రోగ్ అయితే పై జవాబులో చెప్పిన డిసెంగేజ్‌కు వాడుకోవచ్చు. నా గుమ్మం రోగ్‌కు అప్పట్లో నేను పొరపాటున ఇచ్చినది, 2024లో నిక్ ఉన్న బాకు పట్టుకుంటే న్యాయంగానే వస్తుంది.

మూడో దాడి కావాలంటే డ్యుయల్ వీల్డర్ ఫీట్ ఉండాలి. ఆ ఫీట్ చెప్పే అదనపు దాడి బోనస్ యాక్షన్‌తో చేసేది. అది లైట్ గుణం ఇచ్చే దాడి కాదు, ఫీట్ స్వయంగా ఇచ్చేది. కనుక నిక్ చివరి వాక్యం దానికి అడ్డు రాదు. ఐదో లెవెల్ ఫైటర్‌కు ఆ ఫీట్ ఉంటే షార్ట్‌సోర్డ్‌తో రెండు, నిక్‌గా సిమిటర్‌తో ఒకటి, బోనస్ యాక్షన్‌తో ఒకటి, వెరసి నాలుగు. ఎక్కువగా కనిపించినా ఇక్కడ ఒక ఫీట్, ఒక మాస్టరీ, బోనస్ యాక్షన్ మూడూ ఖర్చయ్యాయి. వెల పూర్తిగా కట్టారు కనుక నేను అభ్యంతరం చెప్పను. నిక్ ఏ ఆయుధానికి ఉండాలి అన్న దాని మీద నా అన్వయం: అదనపు దాడి చేసే ఆయుధానికే. బాకు, సిమిటర్, కొడవలి, లైట్ హ్యామర్, ఈ నాలుగింటికే నిక్ ఉంది కనుక వాటిలో ఒకదాన్ని రెండో దాడికి ఉంచుకోండి. వెపన్ మాస్టరీ (అలాంటి గుణాలను వాడుకునే శిక్షణ) లేని పాత్రకు ఆయుధం చేతిలో ఉన్నా నిక్ పనిచేయదని కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: 2024 నియమంలో ‘రెండో చేయి’ అన్న మాటే లేదు. కాబట్టి ఒక చేత డాలు పట్టుకుని, మరో చేత షార్ట్‌సోర్డ్‌తో కొట్టి ఒరలో పెట్టి, అదే చేత్తో సిమిటర్ దూసి కొడతానని ఒక ఆటగాడు అంటున్నాడు. మాస్టర్‌గా నేనేం చేయాలి?

జవాబు: అతను నియమాన్ని జాగ్రత్తగా చదివాడు, ముందు ఆ సంగతి అతనితో చెప్పండి. 2014లో ‘ఒక చేత’, ‘మరో చేత’ అని స్పష్టంగా ఉండేది. 2024లో ఉన్నది ‘వేరొక లైట్ ఆయుధం’ అని మాత్రమే. అటాక్ యాక్షన్‌లో భాగంగా చేసే ప్రతి దాడికీ ఒక ఆయుధాన్ని దూయడమో పెట్టేయడమో చేయవచ్చని కూడా ఉంది. మొదటి దాడి అయ్యాక షార్ట్‌సోర్డ్‌ను పెట్టేస్తాడు, నిక్ దాడికి ముందు సిమిటర్ దూస్తాడు. అక్షరం ప్రకారం చూస్తే ఎక్కడా తెగదు.

అయినా నా బల్ల దగ్గర నేను ఒప్పుకోను. డాలు ఇచ్చేది ఏసీకి 2. దాడికి 5 కలిసే శత్రువు ఎదుట ఏసీ 15 ఉన్నవాడికి ఇరవైలో పదకొండు సార్లు దెబ్బ తగిలితే, 17 ఉన్నవాడికి తొమ్మిది సార్లు తగులుతుంది. అంటే తినే దెబ్బల్లో దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. రెండు ఆయుధాలు పట్టినవాడు ఆ రక్షణను వదులుకుని బరిలోకి దిగుతాడు, ఇన్నాళ్లుగా అతను కడుతూ వచ్చిన మరో వెల అదే. డాలు పట్టుకునే రెండు ఆయుధాల ఫలాన్ని అందుకుంటే, పక్కనే డాలు లేకుండా రెండు కత్తులు పట్టి నిలబడ్డ ఆటగాడు ఏమి తప్పు చేశాడని ఎక్కువ దెబ్బలు తినాలి?

అయితే ఇది పుస్తకం తీర్పు కాదు, నా తీర్పు. కనుక దాన్ని పోరాటం మధ్యలో ప్రకటించకూడదు. పాత్రలు తయారుచేసుకునే రోజునే ‘ఈ బల్ల దగ్గర అదనపు దాడికి రెండో ఆయుధం రెండో చేతిలో ఉండాలి’ అని ఒక్క వాక్యంలో చెప్పి, అందరి అంగీకారమూ తీసుకోండి. మీ కథ ఇప్పటికే మొదలైపోయింది కనుక, ఆ ఆటగాడికి మాస్టరీ ఆయుధాలను, ఫీట్‌ను మార్చుకునే అవకాశం ఖర్చు లేకుండా ఇవ్వండి. చేతిగొడ్డలి మీద ఉన్న ఇష్టంతో అతను అదీ అడుగుతున్నాడని మీ ఉత్తరం చివర రాశారు. దాన్ని విసిరి అదనపు దాడి చేయడానికి 2014లోనూ 2024లోనూ అనుమతి ఉంది. డాలు కింద పెట్టి, రెండు చేతుల్లోనూ గొడ్డళ్లు పట్టి ఇరవై అడుగుల దూరం నుంచి విసరమనండి.